కూపను లేని వన్స్ మోర్

నా వృత్తి చావడం. కంగారు పడకండి, స్టేజీ మీదే.

మా పట్నంలో మనోరంజనీ నాటక మందిరం అని ఒక పాత హాలు ఉంది. బోర్డు మీద ఆ పేరే ఉంటుంది గానీ, ఆటోవాడి దగ్గర అలా అంటే తెల్లమొహం వేస్తాడు. పెంకుల హాలు అనాలి. మా తాతల కాలం నుంచి అందులో పద్యనాటకాలు ఆడుతున్నాం. మాకు బాగా అచ్చొచ్చిన నాటకం 'వీరసేన నిర్యాణం'. అందులో వీరసేన మహారాజు వేషానికి ముగ్గురుంటాం. ఎందుకంటే, అన్ని పద్యాలు ఒక్క మనిషి గొంతు మొయ్యలేదు. ఒకటో రాజు సభలో పాడతాడు. రెండో రాజు యుద్ధంలో పాడతాడు. సభలో బక్కపలచగా ఉన్న రాజు యుద్ధభూమిలో బొద్దుగా కనిపించినా మా జనం ఏమీ అనుకోరు. చివర మూడో రాజు వచ్చి చచ్చిపోతాడు. ఆ మూడో రాజును నేనే. పేరు కొప్పిశెట్టి గవర్రాజు.

చచ్చేముందు నాకు ఒకే ఒక్క పద్యం ఉంది. బాణం తగిలి కూలిపోయిన రాజు, చుట్టూ చేరినవాళ్ళతో అంటాడు: నా గుర్రం పొద్దుటి నుంచి నీళ్ళు ముట్టలేదయ్యా, ముందు దాని దాహం తీర్చండి, ఆ తర్వాత నా నోట్లో ఇంత గంగ పొయ్యండి అని. ముఖారి రాగం. బంగారంలాంటి పద్యం. ఏం లాభం? రాత్రంతా సాగే నాటకంలో ఆ పద్యం వచ్చేసరికి తెల్లారిపోయేది. జనం చాపలు చంకన పెట్టుకుని ఇళ్ళకు పోయేవారు. మిగిలినవాళ్ళు గుర్రు పెట్టి నిద్రపోయేవారు.

మాలో ఒక మర్యాద ఉంది. పద్యం నచ్చిందంటే ప్రేక్షకుడు లేచి 'వన్స్ మోర్' అని కేక వేస్తాడు. నటుడు మళ్ళీ పాడాలి. చచ్చిపోయినవాడైనా సరే, లేచి కూర్చుని పాడి, మళ్ళీ చావాలి. మా ఒకటో రాజు పేరయ్యశాస్త్రి గారికి ఆ కేకలు విని విని చెవులు బద్దలైపోయాయి. నాకు మాత్రం జన్మానికి ఒక్కటి కూడా రాలేదు. నేను చస్తే లేవమన్న మనిషి లేడు. నా ఏడుపంతా అదే.

ఇలా ఉండగా రంగస్థల వారసత్వ పరిరక్షణ సంస్థ అనేది పుట్టి, మా హాలును తన చేతుల్లోకి తీసుకుంది. దాని సంచాలకులు హేమచంద్రరావు గారు జీపు దిగి, హాలంతా కలియతిరిగి, మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టారు.

"ఈ కట్టడమునకు మూర్త వారసత్వము, అమూర్త వారసత్వము అని రెండు విధములు ఉండవలెను. మూర్తమనగా గోడలు. అవి చూచితిమి. అమూర్తమేమి?" అన్నారాయన. ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని తర్వాత తెలిసింది.

పేరయ్యశాస్త్రి గారు ఠక్కున చెప్పారు. "వన్స్ మోరేనండీ! ఈ హాలంటే ఇంకేముంది? మా నాన్నగారి కాలంలో జనం ఒకసారి వన్స్ మోర్ అంటే ఆ కేకకి పైన పెంకు లేచిపోయిందండీ. అదిగో, ఆ కంత ఇప్పటికీ ఉంది చూడండి."

సంచాలకులు తల పైకెత్తి ఆ కంత వంక భక్తిగా చూశారు. అంతే, మర్నాటి నుంచి ఆ కంతను మూయరాదని ఉత్తర్వు. వాన వస్తే అందులోంచి నీళ్ళు సరిగ్గా నేను చచ్చే చోట పడతాయి. చచ్చినవాడికి తడిస్తే ఏమిటి, ఎండితే ఏమిటి అన్నారు. నేనూ సరే అన్నాను.

ఇంకో వారానికి గేటు దగ్గర పెద్ద బోర్డు లేచింది. వన్స్ మోర్ అనునది అంతరించిపోవుచున్న అమూర్త వారసత్వమైనందున, ప్రతి సందర్శకునకు టిక్కెట్టుతో పాటు ఒక వన్స్ మోర్ కూపను ఇవ్వబడునట. కూపను సమర్పించబడిన వెంటనే నటుడు విధిగా మరల పాడవలెనట. కూపను లేనిదే మందిరము లోపల వన్స్ మోర్ అనరాదట. అన్నవారు వెలుపలకు పంపబడుదురట. నాటకం ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా, మధ్యలో భోజన విరామం. ఏ రోజు నాటకం ఆ రోజు ప్రార్థన నుంచి మొదలుపెట్టాలి, వారసత్వాన్ని మధ్యలో నుంచి ప్రారంభించకూడదు కాబట్టి.

నిజం చెప్పొద్దూ, ఆ బోర్డు చదివి నేను ఎగిరి గంతేశాను. పట్టపగలు నాటకం! జనం మెలకువగా ఉంటారు. చేతిలో కూపన్లు ఉంటాయి. అందులో ఒక్కటి నాకు రాకపోతుందా?

మొదటి రోజు ఉదయం తొమ్మిదికే రంగు వేసుకుని, ఛాతీ మీద వెదురు బాణం పట్టీతో బిగించుకుని, తెర వెనక బెంచీ మీద కూర్చున్నాను. ముందుగా సంచాలకులు స్వాగతోపన్యాసం చేశారు. ముందు వరసలో ఒక పెద్దాయన నాటకం మొదలైపోయిందనుకుని కూపను ఇచ్చేశాడు. కూపన్లు తీసుకుని చింపే ఉద్యోగం నూకరత్నానిది. గేటు, గంట, కూపన్లు అన్నీ ఆ ఒక్క మనిషే చూసుకుంటుంది. ఆవిడ చింపేసి "వన్స్ మోరండీ!" అని కేకేసింది. సంచాలకులకు కళ్ళు చెమర్చాయి. ఉపన్యాసం మొదటి నుంచి మళ్ళీ చేశారు.

తర్వాత పేరయ్యశాస్త్రి గారు ప్రవేశించారు. సింహాసనం ఎక్కేముందు సభకు నమస్కరించే పద్యం ఒకటుంది. అది అందుకున్నారు. ఇంతలో బస్సులో వచ్చిన యాత్రికులకు వాళ్ళ గైడు తొందరపెట్టాడు.

"మళ్ళీ బోటెక్కాలండీ, టైమ్ లేదు. కూపన్లు ఇక్కడే వాడేసుకోండి, బయట చెల్లవు!"

బస్సు బస్సంతా చేతులెత్తింది. నూకరత్నం చింపడం, శాస్త్రి గారు పాడడం. హార్మోనియం వాయించే మస్తాన్ గారు మధ్యలో వేళ్ళు విరుచుకోవడం. ఆ బస్సు వెళ్ళేసరికి ఇంకో బస్సు. ఒకాయన పద్యం కాదు, తెర లేవడం బాగుంది, అదే మళ్ళీ చూపించమన్నాడు. తెర దించి మళ్ళీ లేపారు. ఐదు కొట్టారు. రాజు గారు పొద్దుటి నుంచి నిలబడే ఉన్నారు, సింహాసనం ఎక్కనేలేదు. తాళాలు వేసేశారు.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నేను రోజూ రంగు వేసుకోవడం, బాణం గుచ్చుకోవడం, సాయంత్రం రంగు కడుక్కుని ఇంటికి పోవడం.

మా ఆవిడ మంగతాయారుకు చిర్రెత్తుకొచ్చింది.

"పొద్దున్నే చచ్చొత్తానని ఎల్తారు, సందేళకి బతికొచ్చేత్తారు! ఇదేం ఉద్యోగవండీ బాబూ? పక్కింటోళ్ళు అడుగుతుంటే ఏం సెప్పమంటారు?"

"కాస్త ఓపిక పట్టవే. రేపు తప్పకుండా చస్తాను."

"మీ మాట మీద నాకు నమ్మకం పోయింది" అంది.

నాకూ పోయింది. చివరికి సంచాలకుల గదికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అయ్యా, నేను చావాలండీ."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. "మీ మరణమునకు ఈ సంస్థ ఎంతమాత్రము వ్యతిరేకము కాదు, గవర్రాజు గారూ. అయితే అది క్రమములో రావలెను. ప్రస్తుతము మీ మరణము ప్రక్రియలో ఉన్నది."

"ఎప్పటికవుతుందండీ ఆ ప్రక్రియ?"

"ముందుగా ఒకటవ రాజు గారి వన్స్ మోర్‌లు పూర్తిగా పరిష్కరించబడవలెను. తదుపరి రెండవ రాజు. మిమ్ములను ముందే చంపినచో, తమ కూపను వృథా అయినదని సందర్శకులు న్యాయస్థానమునకు పోగలరు."

"పోనీ ఒక్క పూట నన్ను ముందు పాడనిస్తే..."

"మరణించిన పిదప సభ తీర్చు రాజును మీరెక్కడైన చూచితిరా?"

దణ్ణం పెట్టి వచ్చేశాను. ఆ రోజు ఇంట్లో అన్నం సహించలేదు.

ఇంతటితో ఆగితే బాగుండేది. ఆ వారమే పక్క ఊరి నుంచి ఒకాయన తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. వాళ్ళ తాత మా హాల్లో ఎప్పుడో ఒక పద్యానికి వన్స్ మోర్ అని అరిచాడట. ఆ నటుడు గొంతు బాగాలేదని పాడకుండా లోపలికి పోయాడట. తాత ఆ దిగులుతోనే పోయాడట. ఆ వన్స్ మోర్ తనకు చెల్లించాలంటాడు. ఇంకో సంస్థ అయితే నవ్వి పంపేసేది. మావాళ్ళు బకాయి వన్స్ మోర్ల విభాగం అని ఒకటి తెరిచారు. వారసుడినని కాగితం తెచ్చినవాడికల్లా పాత తేదీ వేసి కూపను ఇవ్వడం మొదలుపెట్టారు. దాంతో మా పట్నంలో తాతలున్నవాళ్ళంతా వరస కట్టేశారు. తాతలు బతికే ఉన్నవాళ్ళు, వాళ్ళను వెంటబెట్టుకుని మరీ వచ్చారు.

పేరయ్యశాస్త్రి గారి గొంతు పోయింది. మిరియాల కషాయం తాగారు, తేనె నాకారు, లాభం లేకపోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఇక రెండో రాజు పని పడుతుందని నేను సంబరపడుతుండగా సంచాలకుల వివరణ వచ్చింది: పెదవులు కదిలినచో వన్స్ మోర్ గౌరవించబడినట్లే భావించవలెను. ఆ రోజు నుంచి శాస్త్రి గారు స్టేజీ మీద నిలబడి నోరు తెరిచి మూసేవారు. మస్తాన్ గారు వాయించేవారు. నూకరత్నం చింపేది. వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకునేవారు.

తెర వెనక నాకు దుఃఖం ముంచుకొచ్చింది. "మస్తాన్ గారూ, నేనిక చావను. నా వల్ల కాదు. ఈ బాణం తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టండి."

"పిచ్చి మాటలాడకు గవర్రాజూ" అన్నారాయన, హార్మోనియం మీద దుమ్ము తుడుస్తూ. "నీ ముఖారి నేను రోజూ లోపల్లోపల వాయించుకుంటున్నాను. మర్చిపోతానేమోనని భయంగా ఉంది."

అప్పుడు కూపన్లు అయిపోయాయి. రెండు రోజులు నాటకం ఆపేశారు.

మళ్ళీ అచ్చు వేయించాలంటే కూపను మీద ఇంగ్లీషు మాట ఉండకూడదని పైనుంచి అభ్యంతరం వచ్చింది. వన్స్ మోర్‌కు సరైన తెలుగు మాట తేల్చడానికి పండితులతో ఒక కమిటీ వేశారు. మరొక్కమారు అనాలని కొందరు, పునరపి అనాలని కొందరు. కాఫీలు నడుస్తున్నాయి, మాట తేలలేదు. అది తేలి కూపన్లు అచ్చయ్యేవరకు మందిరం లోపల ఎవ్వరూ వన్స్ మోర్ అనరాదని గేటు దగ్గర ఇంకో బోర్డు తగిలించారు.

నాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై గుండె ఝల్లుమంది. వన్స్ మోర్లు లేవంటే నాటకం ముందుకు పోతుంది. ముందుకు పోతే చావు వస్తుంది. కానీ ఆ రోజు నేనెంత బాగా చచ్చినా లేవమనే హక్కు ఎవరికీ లేదు. నా ఖర్మ కాకపోతే ఏమిటండీ ఇది!

"మంగతాయారూ, ఇవాళ ఖాయం" అని చెప్పాను పొద్దున.

"అయితే నేనూ వత్తాను. నా కళ్ళతో సూత్తేనే గానీ నమ్మను" అని, పట్టుచీర కట్టుకుని టిక్కెట్టు కొనుక్కుని ముందు వరసలో కూర్చుంది.

శాస్త్రి గారికి రెండు రోజుల సెలవుతో గొంతు కాస్త తెరిపిన పడింది. సభా పద్యం పాడి, అలవాటు కొద్దీ మళ్ళీ పాడడానికి ఊపిరి తీసుకుని ఆగారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన అటూ ఇటూ చూసి, బెరుకు బెరుగ్గా వెళ్ళి సింహాసనం మీద కూర్చున్నారు. దాని మీద దుమ్ము లేచింది. భోజనాల వేళకు యుద్ధం వచ్చేసింది. మధ్యాహ్నం మూడు గంటలకల్లా రెండో రాజు శత్రువులను తరిమి తరిమి రొప్పుతూ లోపలికి వచ్చి నా భుజం తట్టాడు.

"ఎల్లండి గవర్రాజుగారూ. మీదే ఆలీసం."

బాణం సర్దుకుని, తూలుకుంటూ స్టేజీ మీదికి వెళ్ళి, సరిగ్గా కంత కింద కూలిపోయాను. బయట చినుకులు పడుతున్నాయి. మస్తాన్ గారు ముఖారి పట్టారు. ఆయన మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. గుర్రానికి నీళ్ళు పెట్టమని మొదలుపెట్టాను. నిజంగానే నా గుర్రం ఎక్కడో కట్టుకొయ్య దగ్గర నిలబడి నాకోసం చూస్తున్నట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ బెంచీ మీద కూర్చుని మింగిన ముఖారి అంతా ఆ పద్యంలో పోశాను. చివరి రాగం తీసి, తల వాల్చి, చచ్చిపోయాను.

కళ్ళు మూసుకుని పడి ఉన్నాను. ముక్కు మీద కంతలోంచి చినుకు పడింది. కదల్లేదు. ఎవరో ముక్కు చీదారు. మనసులో అనుకున్నాను, పోన్లే, ఏడ్చారు కదా, అదే చాలు. చాలదు. నాకు తెలుసు చాలదని.

అప్పుడు వెనక నుంచి పెద్ద కేక.

"వన్స్ మోర్!"

లేవబోయాను గానీ నూకరత్నం గొంతు వినపడి ఆగిపోయాను.

"ఎవరండీ అన్నది? కూపనేదండీ? ఎవరో సెప్పండి ముందు!"

ఒక కన్ను తెరిచి చూశాను. వెనక తలుపు దగ్గర సంచాలకులు హేమచంద్రరావు గారు లేచి నిలబడి ఉన్నారు. కళ్ళజోడు చేతిలో ఉంది. చెంపలు తడిగా ఉన్నాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు గానీ, కేక అప్పటికే పోయింది.

"నేనే" అన్నారు.

"కూపనుందాండీ?"

"లేదు."

"మరి బోర్డు మీరే రాయించేరు కదండీ. బయటికి ఎల్లాలండి" అంది నూకరత్నం. ఆవిడ రూలు రూలే.

సంచాలకులు తల వంచుకుని బయటికి నడిచారు. తలుపు మూసుకుంది. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. అందినట్టే అంది జారిపోయిందే అని లోపల కుళ్ళిపోతుంటే, పక్క కిటికీలోంచి ఆయన గొంతే మళ్ళీ వినపడింది.

"వన్స్ మోర్! ఇది మందిరము వెలుపలి నుండి కోరబడుచున్నది! మందిరము లోపల మాత్రమే అనరాదని బోర్డు! వెలుపలికి ఆంక్ష లేదు!"

నేను మళ్ళీ కన్ను తెరిచాను. నూకరత్నం గుమ్మం దగ్గరికెళ్ళి, గేటు దగ్గరి బోర్డు మళ్ళీ చదువుకుంది. పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది. "నిజవేనండోయ్" అంది.

అంతే. కుర్చీలు చప్పుడు చేశాయి. ముందుగా లేచింది మా మంగతాయారే, పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగున బయటికి పోయింది. ఆ వెనక బస్సు యాత్రికులు, తాతల వారసులు, తాతలు. హాలు మొత్తం బయటికి పోయి, వానలో కిటికీల ముందు నిలబడి అరవడం మొదలుపెట్టింది. అందరిలోకీ మా ఆవిడ గొంతే పెద్దది.

"వన్స్ మోర్! వన్స్ మోరండీ!"

"ఎవరమ్మా ఆ రాజు? నీకేమవుతాడు?" అన్నాడు పక్కనున్న ముసలాయన.

"నా మొగుడేనండి!"

"హవ్వ! మొగుడు చస్తే మళ్ళీ చావమంటావా తల్లీ?"

"మీరూరుకోండి. ఎంత బాగా చచ్చేరో సూళ్ళేదా?" అంది.

"లేవవయ్యా గవర్రాజూ, ఇంకా పడుకున్నావేం?" అన్నారు మస్తాన్ గారు.

లేచి కూర్చున్నాను. ఎదురుగా ఖాళీ కుర్చీలు. జీవితమంతా నేను ఖాళీ చాపలకే చచ్చాను. ఆ రోజూ హాల్లో నరపురుగు లేదు. కానీ కిటికీ కిటికీకీ గుత్తులు గుత్తులుగా మొహాలు, తడిసిపోయి, కళ్ళు పెద్దవి చేసుకుని. పైన కంతలోంచి ఎవడో తలకాయ కూడా దూర్చాడు. వాన ఆగింది అనుకున్నాను, వాడి తల అడ్డం వచ్చిందన్నమాట. ఏడుపు ఆగలేదు నాకు. ఏడుస్తూనే పాడాను. మళ్ళీ చచ్చాను. మళ్ళీ లేపారు. ఐదు గంటలకు కొట్టాల్సిన గంట నూకరత్నం ఆ రోజు కొట్టలేదు. ఆవిడ కూడా కిటికీ దగ్గరే ఉంది.

మర్నాడు నాకు మెమో వచ్చింది. మరణించిన పిదప అనుమతి లేకుండ పలుమార్లు పాడినందుకును, సందర్శకులెవ్వరును లేని మందిరమున ప్రదర్శన గావించినందుకును, మీపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను. కింద హేమచంద్రరావు గారి సంతకం.

మంగతాయారు బెంబేలెత్తిపోయింది. నేను కాళ్ళీడ్చుకుంటూ ఆయన గదికి వెళ్ళాను.

"అయ్యా, సంజాయిషీ రాయడం నాకు చేతకాదండీ."

ఆయన లేచి తలుపు గడియ పెట్టారు. వచ్చి కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వ్రాతపూర్వకముగా అవసరము లేదు. మౌఖికముగా సమర్పించవచ్చును. ముఖారిలో."

అర్థమైంది. గొంతు సవరించుకుని సమర్పించాను. గుర్రానికి నీళ్ళు పెట్టమని, తర్వాత నాకు గంగ పొయ్యమని. అక్కడ కూలడానికి చోటు లేక ఫైళ్ళ బీరువాకు ఆనుకుని చచ్చాను.

ఆయన రుమాలుతో కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మెమో కాగితం ముందుకు లాక్కున్నారు.

"మీ సంజాయిషీ సంతృప్తికరముగా లేదు, గవర్రాజు గారూ. మరల సమర్పించండి" అన్నారు.